ముప్ఫై ఒకటో పేజీలో తప్పు

ఏడో తరగతి గది. బడి వదిలి అరగంట అయింది.

“...అందుకే ఫోన్లో చెప్పకుండా నేనే వచ్చాను, వదినా. ఇలాంటివి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటేనే బాగుంటుంది.”

“కూర్చోండి మరి. అక్కడ కాదు, ఆ బెంచీకి కాలు ఊగుతోంది. ఇలా ముందుకొచ్చి మొదటి బెంచీలో కూర్చోండి. మోకాళ్లు జాగ్రత్త, అది పిల్లల కొలతకి చేసింది.”

“పర్వాలేదు, సర్దుకుంటా. ఈ గదిలోకి వచ్చి ఆరేళ్లయింది. ఏమీ మారలేదు.”

“గోడలకి రంగు మారింది. పక్క డ్రాయింగ్ గదిలో మీ స్నేహితుడు, మా ఆయన లేరు. మిగతాదంతా అలాగే ఉంది.”

“అన్నయ్యని తల్చుకోని రోజు లేదు, వదినా. నమ్మండి.”

“నమ్మాను. విషయం చెప్పండి. నలభై రెండు నోట్సులున్నాయి దిద్దడానికి.”

“మీరు దిద్దుకుంటూ వినండి. పుస్తకం గురించి వచ్చాను.”

“ఏ పుస్తకం?”

“అదేంటి వదినా, ఏడో తరగతి సోషల్ పుస్తకం. నాది.”

“మీది.”

“అదే... నా పేరుతో వచ్చింది.”

“ఆఁ, ఆ పుస్తకమా. చెప్పండి.”

“రేపు అచ్చుకి వెళ్తోంది. ఇన్నాళ్లూ అరవై డెబ్భై బళ్లలోనే ఉండేది. ఈసారి అన్ని బళ్లకీ అదే. అన్నిటికీ, వదినా! ఏడో తరగతి చదివే ప్రతి పిల్లాడి సంచీలో నా పుస్తకం ఉంటుంది.”

“సంతోషం. మిఠాయి తేలేదే?”

“ఎక్కడి మిఠాయి! మూడు రోజులుగా నాకు నిద్రే లేదు. సోమవారం పాఠ్యపుస్తకాల కమిటీకి ఒక ఉత్తరం వచ్చింది. నోట్‌బుక్‌లోంచి చింపిన గీతల కాగితం. గుండ్రటి అక్షరాలు. చదవనా?”

“చదవండి.”

“‘పెద్దలకు నమస్కారం. ఏడో తరగతి సోషల్ పుస్తకంలో నీటి రూపాల పటం ఉంది కదా, ఆ ముప్ఫై ఒకటో పేజీలో ఒక తప్పు ఉంది. పటం గీసినవాళ్లకి ఆ తప్పేమిటో బాగా తెలుసు. దయచేసి సరిచెయ్యండి. ఇట్లు, ఏడో తరగతి, మొదటి బెంచీ.’ అంతే. ఏ బడో లేదు, ఏ ఊరో లేదు.”

“మొదటి బెంచీ వాళ్లు చురుగ్గానే ఉంటారు.”

“నవ్వులాట కాదు. ఈ కమిటీ మేడమ్ కొత్తగా వచ్చింది, ఊరికే వదిలే రకం కాదు. ‘పటం గీసింది మీరే కదా, ఆ తప్పేమిటో, ఎలా వచ్చిందో రాసి, సంతకం పెట్టి, ఇవాళ సాయంత్రం ఐదున్నరలోగా పంపండి. లేకపోతే పుస్తకాన్ని జాబితాలోంచి తీసేస్తాం’ అంది. అన్నంత పనీ చేస్తుంది.”

“ఇప్పుడెంతయింది?”

“నాలుగూ నలభై.”

“యాభై నిమిషాలుందిగా. వెతకండి.”

“వెతకకుండా ఉన్నానా? భూతద్దం పెట్టి చూశాను. దొరకట్లేదు.”

“అయితే లేదేమో. లేదని రాసి పంపండి.”

“ఎలా రాస్తాను వదినా, అన్నయ్య అలవాటు తెలిసీ!”

“ఏ అలవాటు?”

“తెలియనట్టు అడుగుతారేంటి? ఏ పటం గీసినా కావాలని ఒక తప్పు పెట్టేవాడు కదా. ఓసారి నదిని కొండెక్కించాడు. ఓసారి తూర్పునీ పడమరనీ తారుమారు చేశాడు. పిల్లలు దాన్ని వెతికి పట్టుకోవాలి. పట్టుకుని దిద్దినవాళ్లకి పెన్సిల్ ఇచ్చేవాడు. బడంతా ‘పెన్సిల్ మాస్టారు’ అనే పిలిచేది.”

“బాగానే గుర్తుంది మీకు.”

“గుర్తుండదా మరి!”

“అచ్చు వేయించేటప్పుడు గుర్తు రాలేదా?”

“...హడావుడిలో రాలేదు. మొన్న ఉత్తరం చదవగానే గుర్తొచ్చింది.”

“ఆగండి. పటం డ్రాయింగ్ మాస్టారు గీసిందేనని మీ నోటితో మీరే అంటున్నారా?”

“మన మధ్య దాపరికం దేనికి, వదినా? ఆయన గీసిందే. ఈ నాలుగు గోడల మధ్యా ఒప్పుకుంటా.”

“నాలుగు గోడల మధ్య.”

“అవును.”

“ఆరేళ్ల కిందట హెడ్మాస్టరు గదిలో కూడా గోడలు నాలుగే. అక్కడ పదిమంది ఉన్నారు. పటం మా ఆయనదని చెబుతూ నేను ఏడుస్తూ నిలబడ్డాను. ‘పాపం, భర్త పోయిన దుఃఖంలో మతి చలించింది, ఏదేదో మాట్లాడుతోంది’ అన్నారు మీరు. నాకు మంచినీళ్లు కూడా మీరే ఇచ్చారు.”

“అప్పటి పరిస్థితి అలాంటిది...”

“కమిటీ వాళ్లు ఆధారం చూపించమన్నారు. అసలు పటం మీ దగ్గర ఉంది. అడిగితే, ఇల్లు మారినప్పుడు పోయిందన్నారు.”

“...దొరికింది.”

“ఏమిటి?”

“దొరికింది, వదినా. అటక మీద. ఇదిగో, ఈ గొట్టంలో తెచ్చాను. అచ్చులో అన్నీ చిన్నవిగా పడ్డాయి, అసలుదాంట్లో చూస్తే మీరు ఇట్టే పట్టేస్తారని... ఉండండి, మూత తీస్తా.”

“చెయ్యి తుడుచుకోండి. చెమట చేత్తో ముట్టుకోకండి.”

“తుడుచుకున్నా.”

“అంచు పట్టుకుని లాగకండి. తిప్పుతూ తీయండి. నెమ్మదిగా... ఇలా ఇవ్వండి. మీరు వదలండి, నేను పరుస్తాను.”

“చూడండి, చెక్కు చెదరలేదు. జాగ్రత్తగానే దాచాను.”

“దాచారు. అవును.”

“ఏడుస్తున్నారా, వదినా?”

“లేదు. లెక్కపెడుతున్నాను. పదకొండు నీలాలు వాడారాయన దీనికి. వాగుకి ఒకటి, నదికి ఒకటి, లోతు సముద్రానికి ఒకటి. ఆసుపత్రి మంచానికి అడ్డంగా అన్నం బల్ల వేసుకుని, ఎడమ చేతికి సూదితో, మూడు నెలలు. నేను పక్కన కూర్చుని నీళ్ల గురించి చెబుతుంటే ఆయన గీశారు. నొప్పి వచ్చినప్పుడల్లా కుంచె పక్కన పెట్టి, తగ్గాక మళ్లీ తీసేవారు.”

“నాకు తెలీదా? రోజూ బత్తాయిలు పట్టుకొచ్చేవాణ్ణిగా.”

“పట్టుకొచ్చేవారు. ఒకరోజు వెళ్తూ వెళ్తూ పటం పట్టుకెళ్లారు. ‘కమిటీకి చూపించి రేపే తెచ్చిస్తా, అన్నయ్యా’ అన్నారు.”

“వదినా, ఇప్పుడు అవన్నీ తవ్వుకుంటే టైము...”

“టీచరమ్మా, ఈ గది ఊడ్చెయ్యమంటారా?”

“ఇంకాసేపు ఆగు, ఆయమ్మా. ఈ సారుతో చిన్న పని ఉంది.”

“అట్లాగే. పోస్టులో వెయ్యాల్సిన కవర్లు ఏమైనా ఉన్నాయా, పోయినవారంలాగా? పోయేదారిలో వేసేస్తాను.”

“లేవు. ఇవాళ పోస్టుతో పనిలేదు.”

“సరేనమ్మా. తాళాలు ఇక్కడ పెట్టి పోతున్నా.”

“...ఆవిడ ఇంకా ఇక్కడే పనిచేస్తోందా! సరే వదినా, మీకు దండం పెడతాను. మీకు తెలిసే ఉంటుంది. తప్పెక్కడుందో చెప్పండి.”

“చెబితే ఏం బాగుంటుంది? మీరు పుస్తకం రాసినవారు. మొదట్నించీ రండి. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ ఆగుదాం. నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయి?”

“క్లాసు చెబుతున్నట్టు అడుగుతారేంటి...”

“కూర్చున్నది మొదటి బెంచీలో కదా. చెప్పండి.”

“ఇదిగో, కొండ మీద. మంచు. హిమానీనదం.”

“గడ్డకట్టిన మంచు పారుతుందా?”

“పారదు. ఇదేనా తప్పు?”

“పారుతుంది. కంటికి కనిపించనంత నెమ్మదిగా కిందికి జారుతుంది. అందుకే దాన్ని నది అన్నారు. తర్వాత?”

“దాని కింద ఊట. ఊటలోంచి వాగు. వాగూ వాగూ కలిసి ఏరు. ఏర్లు కలిసి నది. ఇదిగో ఉపనది వచ్చి కలుస్తోంది. బాణం గుర్తులు సరిగ్గానే ఉన్నాయి.”

“ఇక్కడ చెరువు, అక్కడ సరస్సు. తేడా ఏమిటి?”

“చిన్నదైతే చెరువు, పెద్దదైతే సరస్సు.”

“ఈ మాట మా పిల్లలంటే గుంజీలు తీయిస్తాను. చెరువుకి ఏముంటుంది?”

“ఏముంటుంది... నీళ్లుంటాయి.”

“గట్టు, మరిదిగారూ, గట్టు! మనుషులు గట్టు కట్టి నీళ్లు ఆపితే చెరువు. నేల పల్లంలో నీళ్లు తమంతట తామే నిలిస్తే సరస్సు. చూడండి, చెరువుకి ఒక పక్క గట్టు గీశారు, తూముతో సహా. ఇది మీ పుస్తకంలోనే ఉంది, ముప్ఫయ్యో పేజీలో.”

“క్లాసు చెప్పి చాలా ఏళ్లయింది, వదినా. కమిటీలు, మీటింగులు...”

“సముద్రం దగ్గరికి రండి. అఖాతం ఏది, సింధుశాఖ ఏది?”

“రెండూ ఒకటే కదా. నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రం.”

“అఖాతానికి నోరు వెడల్పు. సింధుశాఖకి నోరు ఇరుకు, పొట్ట లోతు.”

“ఆఁ! పేర్లు తారుమారు చేశాడా?”

“చూసుకోండి.”

“...లేదు. సరిగ్గానే ఉంది. ఈ జలసంధి కూడా బాగానే ఉంది, రెండు నేలల మధ్య సన్నటి నీళ్లు, అటో సముద్రం ఇటో సముద్రం. నది సముద్రంలో కలిసేచోట మూడు పాయలు, డెల్టా. దాని పక్కన చిత్తడి నేల, రెల్లు గడ్డి. ఈ ఉప్పుటేరు... ఆగండి, ఆగండి! ఉప్పుటేరులో బాణాలు రెండువైపులా ఉన్నాయి! నీళ్లు ఒకేసారి ముందుకీ వెనక్కీ ఎలా పోతాయి?”

“ఒకేసారి కాదు. సముద్రానికి పోటు వచ్చినప్పుడు లోపలికొస్తాయి. పాటు వచ్చినప్పుడు బయటికి పోతాయి. అందుకే రెండు బాణాలు.”

“ఓహో... అయితే అదీ కాదు. చచ్చాను. ఐదు దాటింది.”

“కంగారు పడకండి. ఇంకా తూర్పు పక్క చూడలేదు మీరు.”

“తూర్పున ఏముంది, ఎడారి. ఎడారి మధ్యలో ఒక సరస్సు. ఈ నది వచ్చి దాంట్లో పడుతోంది. అక్కడి నుంచి... అక్కడి నుంచి ఎటు పోతోంది?”

“ఎటు పోతోంది?”

“ఎటూ పోవట్లేదు! వదినా, ఈ సరస్సుకి బయటికి దారి లేదు! పైనున్న సరస్సు చూడండి, ఒక పక్క నది లోపలికొస్తోంది, ఇంకో పక్క బయటికి పోతోంది. దీంట్లోకి రావడమే గానీ పోవడం లేదు. ఎన్నేళ్లని వస్తాయి నీళ్లు? పొంగి పొర్లి ఎడారంతా మునిగిపోవద్దూ?”

“మీరు చెప్పండి. నేను వింటున్నాను.”

“ఇదే! ఇదే తప్పు! ఇంత పెద్దది కళ్లముందు పెట్టుకుని ముంత కింద, తట్ట కింద వెతుకుతున్నాను. అన్నయ్యా, నువ్వు సామాన్యుడివి కాదయ్యా!”

“మీకు ఖాయమేనా?”

“నూటికి నూరుపాళ్లు.”

“నన్ను అడిగి తేల్చుకుంటారా?”

“అడగాల్సిన పనేముంది? మీ మొహమే చెబుతోంది. ఇందాకటి నుంచీ దేన్ని చూపించినా పాఠం చెప్పి నా నోరు మూయించారు. దీని దగ్గరికొచ్చేసరికి నోరు మెదపలేదు.”

“భలే గమనించారే.”

“ఇన్నేళ్లు పిల్లల మధ్య పనిచేశాను వదినా, ఎవరు ఏం దాస్తున్నారో పట్టలేనా?”

“తప్పు దొరికింది. అది ఎలా వచ్చిందని రాస్తారు?”

“అచ్చువాళ్ల పొరపాటు అంటా.”

“అచ్చువాళ్లు నదిని తినేశారా? మేడమ్ అసలు పటం అడగదూ?”

“అడుగుతుంది. అసలుదాంట్లోనూ దారి లేదు... నిజమే.”

“అయితే నాదే పొరపాటని రాసెయ్యండి. ఎవరికైనా వస్తుంది.”

“అదెలా రాస్తాను? సరస్సులోంచి నీళ్లు ఎటు పోతాయో తెలియనివాడు పిల్లలకి పుస్తకం రాశాడంటారు. పేపర్లకెక్కుతుంది. అంతటితో నా పని సరి... వదినా, ఒక మాట. కోప్పడకండి.”

“చెప్పండి.”

“పటం అన్నయ్య గీశాడని రాస్తే?”

“వద్దు.”

“ఒక్క నిమిషం వినండి. రచయిత వేరు, బొమ్మ గీసినవాడు వేరు. బొమ్మ గీసినవాడు తప్పు చేస్తే రచయితని ఎవరూ ఏమీ అనరు. ‘సరిచూసుకోవాల్సింది’ అని ఒక మాట అని వదిలేస్తారు. అదీగాక, ఆరేళ్ల కిందట మీరు అడిగింది ఇదే కదా? పటం ఆయనదని ఒప్పుకోమనేగా? మీకూ న్యాయం జరిగినట్టుంటుంది, నాకూ గండం గడుస్తుంది.”

“తప్పు లేదనుకున్నన్నాళ్లూ పటం మీది. తప్పుందనగానే ఆయనదా? వద్దు.”

“అలా అంటే ఎలా, వదినా...”

“మరి ఎలా అనమంటారు? పుస్తకం వచ్చిన రోజున ఆయన బతికే ఉన్నారు, తెలుసా మీకు?”

“...తెలీదు.”

“నేనే కొని తీసుకెళ్లాను. సంతోషిస్తారనుకుని, నేను కూడా తెరిచి చూడకుండా ఆయన చేతిలో పెట్టాను. నాలాంటి మొద్దు ఉండదు. ముప్ఫై ఒకటో పేజీ తీశారు. పటం చూశారు. దాని కింది అక్షరాలు చూశారు. చాలాసేపు చూశారు. పుస్తకం మూసి దిండు కింద పెట్టుకున్నారు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఉన్నారు. తొమ్మిది రోజులూ గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను పిలిచినా ఇటు తిరగలేదు. అలాంటి మనిషి నెత్తిన ఇప్పుడు తప్పు కూడా రుద్దుతారా? వద్దండీ. ఇంకోలా రాయండి.”

“నాకు బాధగానే ఉంది, వదినా. కానీ ఐదూ పది అయింది. ఇంకోలా ఎలా రాయను? ఆయనకి ఇప్పుడు కొత్తగా పోయేదేముంది చెప్పండి? నాకుంది.”

“అదీ మాట.”

“మీకు అభ్యంతరం లేదుగా?”

“నా అభ్యంతరాలు మీరు ఎప్పుడు విన్నారు కనక? మూడుసార్లు వద్దన్నాను. మీరు రాస్తానంటున్నారు. ఇదిగో కాగితం.”

“గీతల కాగితమా? తెల్లది లేదా?”

“బడిలో ఇంకేం కాగితం ఉంటుంది?”

“సరే, ఏదో ఒకటి. ‘గౌరవనీయులైన అధ్యక్షురాలికి. ముప్ఫై ఒకటో పేజీలోని పటంలో, తూర్పున ఉన్న సరస్సులోంచి నీరు బయటికి పోయే దారి లేకపోవడం పెద్ద తప్పు. ఆ పటం గీయడంలో మా బడి డ్రాయింగ్ మాస్టారు నాకు సాయం చేశారు...’ బాగుందా?”

“సాయం అంటే?”

“అంటే... కొంత నేను, కొంత ఆయన.”

“అయితే తప్పు కూడా కొంత మీది, కొంత ఆయనది అవుతుంది. ఆ సరస్సు గీసింది మీరు కాదని ఏం నమ్మకం, అని అడగదా మేడమ్?”

“అడుగుతుంది, గ్యారంటీగా. సరే, కొట్టేస్తున్నా. ‘ఆ పటం మొత్తం డ్రాయింగ్ మాస్టారు గీసిందే. గీతలు, రంగులు, పేర్లు అన్నీ ఆయనవే. ఒక్క గీతలో కూడా నా చెయ్యి లేదు. ఆయన ఆసుపత్రిలో ఉండగా గీసిన పటాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని పుస్తకంలో వేశాను. కాబట్టి అందులోని తప్పుకి పూర్తి బాధ్యత ఆయనదే.’ ఇప్పుడు?”

“ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఊరికే అంటున్నారనుకుంటే?”

“అనుకోదు. పటం వెనక అన్నయ్య సంతకం ఉంది, తేదీ ఉంది. అది కూడా ఫొటో తీసి పెడతాను. ‘అసలు పటం ఇప్పటికీ నా దగ్గరే భద్రంగా ఉంది’ అని కూడా రాస్తా. ఇంక నోరెత్తదు.”

“మీ బుర్రే బుర్ర.”

“ఎగతాళి చెయ్యకండి. సంతకం... తేదీ... ఇదిగో ఫొటో తీశాను. పటం ఇలా తిప్పండి, వెనక్కి. ఆఁ, ఇది కూడా. పంపుతున్నా... వెళ్లింది.”

“అందిందా?”

“అందింది. చూస్తోంది... చూసింది. ఏదో రాస్తోంది. ‘మీ వివరణ, రెండు ఫొటోలు అందాయి. కమిటీ సభ్యులందరికీ ఇప్పుడే పంపాను.’ అమ్మయ్య! ఐదూ ఇరవై. పది నిమిషాలు మిగిలింది కూడా. మీ మేలు ఈ జన్మకి మర్చిపోను, వదినా.”

“మర్చిపోరులెండి. ఆ నోట్సుల కట్టలో పైనున్నది ఇలా ఇవ్వండి. మీరొచ్చేముందు దీన్నే దిద్దుతున్నాను. రెండు ముక్కలు చదువుతాను, వినండి.”

“నేనింక బయల్దేరతా...”

“వినండి, చిన్నదే. ‘కొన్ని సరస్సులకి బయటికి దారి ఉండదు. వచ్చిన నీరంతా ఎండకి ఆవిరైపోతుంది. నీరు మాత్రమే పోతుంది, ఉప్పు పోదు. ఏళ్లు గడిచేకొద్దీ ఉప్పు పేరుకుపోతుంది. అవే ఉప్పునీటి సరస్సులు.’ పదికి పది వేశాను. పన్నెండేళ్ల పిల్ల.”

“...ఏమన్నారు?”

“పటం దగ్గరగా చూడండి. మీ భూతద్దం తేలేదూ? ఆ సరస్సు ఒడ్డు చుట్టూ తెల్లటి చుక్కలున్నాయి. ఏమనుకున్నారు వాటిని, ఇసుకనా? ఉప్పు.”

“అంటే... అది తప్పు కాదా?”

“కాదు.”

“మీకు తెలుసు! తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నారు!”

“నన్ను అడిగి తేల్చుకుంటారా అన్నాను. అడగాల్సిన పనేముందన్నారు. తప్పు లేదని రాసి పంపండని మీరు రాగానే చెప్పాను. అదీ వినలేదు.”

“ఇప్పుడే మేడమ్‌కి ఫోన్ చేస్తా. పొరపాటు పడ్డాను, సరస్సు సరిగ్గానే ఉందని...”

“చెయ్యండి. పటం మీరే గీశారని కూడా చెబుతారా? ఒక్క గీతలో నా చెయ్యి లేదని ఇందాకేగా రాశారు.”

“ఇదిగో, నంబరు తీశాను. కానీ...”

“చెయ్యండి. ఆగిపోయారేం?”

“మరి... మరి అసలు తప్పెక్కడ? అన్నయ్య తప్పు పెట్టకుండా పటం గీయడు. అది నాకు తెలుసు. ఎక్కడ పెట్టాడు?”

“పెట్టలేదు.”

“అబద్ధం!”

“అడిగాను నేను. పటం పూర్తయిన రోజు, ఈసారి తప్పెక్కడ దాచారని అడిగాను. ‘దాచలేదే. పట్టుకున్న పిల్లకి పెన్సిల్ ఇవ్వడానికి నేనుండను కదా. ఇదొక్కటీ సరిగ్గా ఉండనీ’ అన్నారు. ఆయన జీవితంలో తప్పు లేకుండా గీసిన పటం ఇదొక్కటే. మీరు ఎత్తుకెళ్లింది దాన్ని.”

“మరి ఆ ఉత్తరం? ముప్ఫై ఒకటో పేజీలో తప్పుందని రాసింది ఎవరు? గీతల కాగితం... మొదటి బెంచీ... పోయినవారం ఆయమ్మ పోస్టులో వేసిన కవరు... మీరా?”

“మీరు కూర్చున్నచోటే కూర్చుని రాశాను. నాకూ మోకాళ్లు పట్టలేదు.”

“ఇంత పగా వదినా నా మీద? ఆరేళ్లు మనసులో పెట్టుకుని...”

“పగే. ఇంకేమనుకున్నారు? ఆరేళ్లుగా పొద్దున లేవగానే ముందు మీ మొహం గుర్తొస్తుంది నాకు. బోర్డు మీద సరస్సు అని రాస్తుంటే గుర్తొస్తారు, నది అని రాస్తుంటే గుర్తొస్తారు. నాకు మతి చలించిందని అన్నారే, ఆ మాట నమ్మి హెడ్మాస్టరు నన్ను నెల రోజులు క్లాసులోకి రానివ్వలేదు. ఇవాళ కూడా మీకు దారి వదిలాను. పోయినవాడి మీద తోయకండని మూడుసార్లు అడిగాను. ఒక్కసారి ఆగి ఉంటే, ఆ ఉత్తరం నాదేనని మేడమ్‌కి ఒప్పుకుని మిమ్మల్ని పంపించేసేదాన్ని. అలా చేస్తానేమోనని నాకే భయం వేసింది. మీరు ఆ భయం లేకుండా చేశారు.”

“కానీ తప్పుందని అబద్ధం రాశారు! నేనూ కమిటీకి చెబుతాను. ఆ పేజీలో ఏ తప్పూ లేకపోయినా...”

“ఉంది. పుస్తకం మీ చేతిలోనే ఉందిగా. తీయండి. పటం కింద చిన్న అక్షరాలున్నాయి, చదవండి. పైకి చదవండి.”

“‘చిత్రం...’”

“ఊఁ. ‘చిత్రం’, ఎవరు?”

“...నా పేరుంది.”

“ఆయన తొమ్మిది రోజులు గోడకేసి చూసింది ఆ తప్పు వల్లే. రేపు అచ్చుకి వెళ్లేలోగా మేడమ్ సరిచేయిస్తుంది. మీరు సంతకం పెట్టి మరీ పంపారు కదా. ఇంక లేవండి, గది ఊడవాలి. పటం అక్కడే ఉంచండి. గొట్టం మీరు తీసుకెళ్లొచ్చు.”

“వదినా...”

“ఆగండి, ఒట్టి చేతుల్తో వెళ్లకూడదు. తప్పు దిద్దినవాళ్లకి ఇవ్వడం ఆయన అలవాటు. ఇదిగో, పెన్సిల్.”